తామరాకులో ఐస్ క్రీమ్

మొన్నామధ్య తాడేపల్లిగూడెంలో ఒక పెళ్ళి రిసెప్షనుకు వెళ్ళాను. పెళ్ళికూతురి నాయనమ్మకూ, అమ్మకూ ఏళ్ళ తరబడి జాకెట్లు కుట్టినదాన్ని కనుక, ఆ చనువుతో ఇంటికొచ్చి మరీ పిలిచి వెళ్ళారు. భోజనాలయ్యాక జనమంతా హాల్లో ఒక మూలకు నడుస్తుంటే నేనూ నడిచాను. అక్కడ టోపీ పెట్టుకున్న ఒకమ్మాయి, చల్లటి పొగలు లేస్తున్న ఇనుప పలక మీద పాలు పోసి, రెండు అట్లకాడలతో టకటకా కొట్టి, అది గడ్డకట్టగానే చాప చుట్టినట్టు చుట్టి కాగితపు కప్పుల్లో నిలబెట్టి ఇస్తోంది. చూడడానికి తమాషాగానే ఉంది. నా వంతు వచ్చేసరికి ఆ అమ్మాయి మర్యాదగానే, "ఎంతమందండీ?" అని అడిగింది. ఒక్కదాన్నేనని చెప్పి కప్పు అందుకుని చుట్టూ చూశాను. కూర్చోవడానికి ఒక్క కుర్చీ లేదు. ఒక చేతిలో కప్పు, ఇంకో చేతిలో ఫోను పట్టుకుని అందరూ నిలబడే తింటున్నారు. నేనూ గోడవారగా నిలబడి, ఆ చదును చెంచాతో కొంచెం కొంచెం తీసుకుని తింటుంటే, మనసు మాత్రం ఏలూరులో మా నాన్న దుకాణం వెనక గదిలోకి వెళ్ళి కూర్చుంది.

నా ఈడువాళ్ళకు చెప్పనక్కర్లేదు, మన చిన్నతనంలో పుల్ల ఐసు వేరు, ఐస్ క్రీమ్ వేరు. పుల్ల ఐసు మన వీధిలోకి వచ్చి మనల్ని పిలిచేది; ఐస్ క్రీమ్ దగ్గరకు మనమే తలదువ్వుకుని, ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని వెళ్ళేవాళ్ళం. మా నాన్న దుకాణం పెట్టకముందు పెళ్ళిళ్ళకు ఐస్ క్రీమ్ చేసిపెట్టేవాడు. ఒక చెక్క బాల్చీ, దాని మధ్యలో మూతపెట్టిన రేకు డబ్బా, ఆ రెంటికీ నడుమ ఐసు ముక్కలూ కళ్ళుప్పూ దట్టించి, పైనున్న పిడి పట్టుకుని తిప్పడమే పని. చేయి పడిపోయేదాకా తిప్పితే లోపలి పాలు చిక్కబడి, పిడి ఇక తిరగనని మొరాయించేది. అదే అయిందనడానికి గుర్తు. గణపవరం వైపు రైతుల ఇళ్ళల్లో పెళ్ళయితే విస్తట్లో చివరి వడ్డనగా ఆకు దొన్నెల్లో పెట్టేవారట. కొన్ని ఇళ్ళల్లో స్టీలు గ్లాసుల్లో వేసి, తాగమన్నట్టు ఇచ్చేవారట. ముసలివాళ్ళు పైన లేచే పొగ చూసి, అది పాయసం అనుకుని, చల్లారలేదేమోనన్నట్టు ఊదుకుని తినేవారని మా నాన్న చెప్పి నవ్వేవాడు.

తరవాత ఏలూరు బజార్లో చిన్న దుకాణం పెట్టాడు. ముందు భాగంలో మగవాళ్ళకు బల్లలు. వెనక, ఆకుపచ్చ పరదా అవతల, ఫ్యామిలీ రూము. ఫ్యామిలీ రూమంటే ఏముంది, పాలరాతి పలకలు పరిచిన రెండు బల్లలు, గోడకొక అద్దం, తిరిగితే కిర్రుమనే ఫ్యాను. కానీ ఐస్ క్రీమ్ వడ్డించే తీరులో మాత్రం మా నాన్న రాజీపడేవాడు కాదు. కాడ ఉన్న గాజు కప్పు, కప్పు కింద పింగాణీ సాసరు, సాసర్లో పొడుగు చెంచా, ఐస్ క్రీమ్‌లో ఏటవాలుగా గుచ్చిన పల్చటి బిస్కట్టు, పక్కన గ్లాసుడు మంచినీళ్ళు. కప్పు బల్ల మీద పెట్టేటప్పుడు చప్పుడు కాకూడదు. ఆ గదిలో ఆడవాళ్ళకు మగవాళ్ళు వడ్డిస్తే మొహమాటపడతారని మొదట్లో మా అమ్మే వడ్డించేది. అమ్మ పోయాక ఆ పని నాకొచ్చింది. పదో తరగతి అప్పుడే అయింది. ఆపైన చదువు సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఆ గదిలో నేను రోజంతా ఆడవాళ్ళ మధ్యనే ఉండేదాన్ని, అయినా ఎవరితోనూ ఉన్నట్టు ఉండేది కాదు. అప్పచెల్లెళ్ళు వచ్చేవారు, వదినామరదళ్ళు వచ్చేవారు, పెళ్ళిబట్టలు కొనుక్కుని అలసిపోయిన తల్లీకూతుళ్ళు వచ్చేవారు. పరదా పడగానే పైట కాస్త వదులు చేసుకుని, చెప్పులు విప్పి, కాళ్ళు చాపుకుని, బయట అనలేని మాటలన్నీ ఆ గదిలో అనుకునేవారు. నేను కప్పులు పెట్టి, గోడకు చేరబడి నిలబడి, అవి ఖాళీ అవగానే తీసుకెళ్ళి దొడ్లో కడుక్కునేదాన్ని. వాళ్ళ నవ్వులు గోడ అవతల నుంచి వినిపించేవి. అమ్మ లేని ఇల్లు, మాట్లాడని నాన్న, సబ్బునీళ్ళలో గాజు కప్పులు. ఆ వయసులో నా ప్రపంచం అదే.

అలాంటి రోజుల్లోనే కొల్లేటి అక్క వచ్చింది. అక్క అన్నానే గానీ చుట్టరికమేమీ లేదు; ఆవిడ హిందూ రైతు కుటుంబపు కోడలు, మేము సాయిబులం. కైకలూరు అవతల, కొల్లేటి ఒడ్డున వాళ్ళ ఊరు. నెలకోసారి ఏలూరు లేడీ డాక్టరు దగ్గరకు అత్తగారు వెంటబెట్టుకుని తీసుకొచ్చేది. డాక్టరు చూసేశాక అత్తగారికి బజారు పనులుండేవి. ఎండలో కోడల్ని తిప్పడం ఇష్టంలేక, ఒంటరి ఆడపిల్ల కూర్చోవడానికి మా గది తప్ప మంచి చోటు తెలియక, అక్కడ దింపి వెళ్ళేది. ఎంత బతిమాలినా తను మాత్రం తినేది కాదు. పళ్ళు జివ్వుమంటాయని ఒకటే మాట.

మొదటిసారి వచ్చినప్పుడు అక్క కప్పు ముందు పెట్టుకుని అలాగే చూస్తూ కూర్చుంది. బిస్కట్టు మెత్తబడి ఒరిగిపోయింది. పక్క బల్ల దగ్గర ఎవరో నలుగురు కలిసి నవ్వుకుంటున్నారు. బాగోలేదేమోనని దగ్గరకు వెళ్ళి అడిగాను.

"బాగానే ఉంటదమ్మా. ఒక్కదాన్నీ కూచుని తినడం చాతకావట్లేదు. నువ్వూ కూచోవా?" అంది.

"అమ్మో, మా అబ్బా చూస్తే ఊరుకోరండీ" అన్నాను.

"నేనడుగుతాలే మీ అబ్బాని" అని, నేను ఆపేలోపే పరదా పక్కకు జరిపి, "ఏవండీ సాయిబుగారూ, మీ అమ్మాయిని కాసేపు నా దగ్గర కూచోమంటే మీకేమన్నా ఇబ్బందాండీ?" అని గట్టిగానే అడిగేసింది.

ముందు గదిలో మగవాళ్ళంతా తలలు తిప్పి చూశారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. కాసేపటికి పరదా కింద నుంచి మా నాన్న చేయి లోపలికొచ్చింది, ఆ చేతిలో సాసరుతో సహా ఇంకో గాజు కప్పు. మా దుకాణంలో నేను కూర్చుని ఐస్ క్రీమ్ తినడం అదే మొదటిసారి. అన్నాళ్ళూ డబ్బా అడుగున మిగిలింది గరిటెతో గీక్కుని తినడమే నాకు తెలుసు.

అప్పటినుంచి నెలకోసారి ఆ రోజు కోసం ఎదురుచూసేదాన్ని. ఆవిడ కొల్లేటి సంగతులు చెప్పేది. వానాకాలంలో నీళ్ళు అరుగుల దాకా వస్తాయనీ, ఎక్కడెక్కడి పక్షులో వచ్చి వాలితే తెల్లారగట్ల వాటి గోలకే మెలకువ వస్తుందనీ, ఆ ఊళ్ళో తనతో మాట్లాడడానికి ఆ పక్షులు తప్ప ఎవరూ లేరనీ నవ్వుతూ చెప్పేది. నవ్వుతూనే ఒకసారి, తనకు రెండు కానుపులు నిలవలేదని కూడా చెప్పింది. అమ్మ పోయిన సంగతి నేను చెప్పినప్పుడు ఆవిడ తన కప్పులోంచి చెంచాడు తీసి నా కప్పులో వేసింది.

ఆ తరవాత ఒకసారి వచ్చినప్పుడు, మళ్ళీ నెల తప్పిందని చెప్పింది. ఈసారి కదలకుండా మంచం మీదే ఉండాలని డాక్టరు కట్టడి చేసిందట. అక్క రావడం ఆగిపోయింది. ఆ రోజుల్లో మనకు ఫోన్లెక్కడివి? ఆవిడ బాగుందో లేదో, ఆ బిడ్డయినా నిలిచాడో లేదో తెలుసుకునే దారి లేక, పరదా కదిలినప్పుడల్లా తలెత్తి చూసేదాన్ని. ఎవరెవరో వచ్చేవారు.

వానలు వెనకబట్టాక ఒక పొద్దున ఆవిడ భర్త వచ్చాడు. పొడుగ్గా, మొహమాటంగా ఉండే మనిషి. లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడి, తన భార్యకు అన్నం సయించడం లేదనీ, ఏది పెట్టినా వాంతి చేసుకుంటోందనీ, ఏం తినాలనుందని అడిగితే మా దుకాణం పేరు చెప్పి ఏడ్చిందనీ చెప్పాడు.

"మా ఊరిదాకా పట్టుకెళ్ళడానికి అవుద్దాండీ?" అని అడిగాడు.

మా నాన్న తల అడ్డంగా ఊపాడు. అప్పట్లో కైకలూరికి ఇప్పటిలా తిన్నగా దారి లేదు. బస్సు చుట్టూ తిరిగి తిరిగి వెళ్ళేది. అక్కణ్ణుంచి మళ్ళీ పడవ. గాజు కప్పులో పెట్టి ఇస్తే ఊరు దాటకముందే పాలైపోతుంది. నేను ఎప్పుడూ మా నాన్నకు ఎదురు చెప్పినదాన్ని కాదు. ఆవేళ మాత్రం, "అబ్బా, మన పెళ్ళిళ్ళ బాల్చీ ఉంది కదా" అన్నాను. మా నాన్న నావైపు చాలాసేపు చూశాడు. అమ్మ పోయాక అంతసేపు నన్ను చూడడం అదే మొదటిసారనుకుంటాను. తరవాత అటక మీద నుంచి బాల్చీ దింపాడు.

డబ్బా నిండా ఐస్ క్రీమ్ కూరి, చుట్టూ ఐసూ ఉప్పూ దట్టించి, దానిమీద ఊక పోసి, మొత్తం బాల్చీని తడి గోనెసంచిలో చుట్టి తాడుతో బిగించాడు. దుకాణానికి తాళం వేసి తనే మోసుకొచ్చాడు; వెంట నేనూ, ఆ భర్తగారూ. బస్సులో ఉప్పునీళ్ళు కారి ఎవరి కాళ్ళకిందికో చేరితే కండక్టరు కేకలేశాడు. కడుపుతో ఉన్న మనిషికి తీసుకెళ్తున్నామని భర్తగారు నెమ్మదిగా చెప్పగానే, ఆ కేకలేసినాయనే బాల్చీని ఎండ తగలని చోటికి జరిపించాడు. కైకలూరులో దిగాక మా నాన్న తిన్నగా ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళాడు. అక్కడ చేపల బుట్టల కోసం ఐసు దిమ్మలు పగలగొడుతున్నారు. ఆ ముక్కలే అడిగి తీసుకుని, కరిగిన నీళ్ళు వంచేసి, మళ్ళీ దట్టించాడు. మూత తీసి చూడమని నేను అడిగితే, మూత తీస్తే గాలి తగులుతుందని తీయలేదు. పడవలో వెళ్తున్నంతసేపూ నా అరచేయి ఆ గోనెసంచి మీదే పెట్టుకుని కూర్చున్నాను. చుట్టూ నీళ్ళమీద కనుచూపు మేర తామరాకులు. ఆవిడ చెప్పిన పక్షులు నిజంగానే ఉన్నాయి. ఒకవేళ కరిగిపోయి ఉంటే ఆవిడ మొహం ఎలా చూడాలా అని తప్ప నాకింకో ఆలోచన లేదు.

అక్క అరుగుమీద నులకమంచం మీద పడుకుని ఉంది. సగానికి సగం చిక్కిపోయింది. నన్ను చూసి లేవబోతే అత్తగారు వచ్చి భుజాలు పట్టి ఆపింది. మా నాన్న అరుగు కిందనే నిలబడి తాళ్ళు విప్పి, ఊక దులిపి, మూత తీశాడు. అంచులు కాస్త మెత్తబడ్డాయి గానీ నడుమంతా గట్టిగానే ఉంది. హమ్మయ్య అని నేను అనలేదు, భర్తగారు అన్నారు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు అప్పటికే చేరి వింతగా చూస్తున్నారు.

ఇక దేనిలో పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. పగులుతాయని మేము కప్పులు తీసుకెళ్ళలేదు. అత్తగారు వంటింటి గుమ్మం దాకా వెళ్ళి ఒక క్షణం ఆగి, గిన్నెలేవీ తీయకుండానే వెనక్కి వచ్చి, ఎవరినో పిలిచి తామరాకులు కోసుకురమ్మంది. ఆ ఊళ్ళో రోజూ అన్నాలు తినేది ఆ ఆకుల్లోనే. అందుకే తెప్పించిందో, మేము సాయిబులం కాబట్టి మా చేతి వంటకం తన గిన్నెల్లో పెట్టనివ్వలేకపోయిందో, ఇన్నేళ్ళు ఆలోచించినా నాకు తేలలేదు. మా నాన్న ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. ఆయన తలవంచుకుని, దుకాణంలో వడ్డించినంత శ్రద్ధగానే ఒక్కొక్క ఆకులో వడ్డించాడు.

తామరాకులో ఐస్ క్రీమ్ ఎలా తింటారో మీరెవరూ చూసి ఉండరు. ఆకుకు అంటదు. వేలు తాకగానే చేపపిల్లలా అటూ ఇటూ జారుతుంది. అరుగుమీద ఆడవాళ్ళంతా ఆకుల్ని రెండు చేతులా పట్టుకుని, దాన్ని జారనివ్వకుండా పట్టుకోవడానికి తంటాలుపడుతూ ఒకటే నవ్వులు. నేను అలవాటుకొద్దీ గోడకు చేరబడి నిలబడ్డాను. అక్క తన ఆకు ఒళ్ళో పెట్టుకుని, మంచం పట్టె మీద చేత్తో తట్టింది.

"ఇటు రావే. ఇందులోనే తిందాం ఇద్దరం" అంది.

నేను అత్తగారి వైపు చూశాను. మా నాన్న గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయాడు. అక్క మాత్రం చెయ్యి తీయలేదు. నేను వెళ్ళి కూర్చున్నాను. ఆకుకు నీటి వాసన, పాలకు యాలకుల వాసన. ఇద్దరం ఒకే ఆకులో వేళ్ళు పెట్టేసరికి అది ఒక పక్కకు ఒరిగింది.

"ఆకు వంచి పట్టుకోండమ్మా, జారిపోద్ది" అంది అత్తగారు. అని తనే వంగి ఆకు అంచు పైకి మడిచి పట్టుకుంది.

అక్క ఆవేళ తిన్నదంతా కడుపులో నిలిచింది. తిరుగు పడవలో మా నాన్న ఖాళీ బాల్చీ పక్కన కూర్చుని, "మీ అమ్మ ఉంటే ఆవిడా వచ్చేది" అన్నాడు. అమ్మ గురించి ఆయన నాతో అన్న మాటలు బహుశా అంతే.

ఆడపిల్ల పుట్టింది. పిల్లకు కూర్చోవడం వచ్చాక అక్కా, అత్తగారూ ఎత్తుకొచ్చి చూపించారు. అక్క వేలికొసకు కాస్త అంటించుకుని పిల్ల నాలుకకు రాస్తే, అది మొహం ముడిచి, వణికి, మళ్ళీ నోరు తెరిచింది. అత్తగారు కూడా ఆవేళ పళ్ళ సంగతి పక్కనబెట్టి ఒక చెంచా తింది. మేమంతా కలిసి కూర్చున్నది ఆ ఒక్కసారే. ఆ ఏడే నాకు తాడేపల్లిగూడెంలో బట్టలు కుట్టే ఆయనతో నిఖా అయింది. అక్కకు చెప్పి రావడానికి కూడా వీలు కుదరలేదు.

ఆ తరవాత దుకాణం మారిపోయింది. కంపెనీవాళ్ళు అద్దం మూత ఉన్న పెద్ద పెట్టె తెచ్చిపెట్టారు. కాగితపు కప్పులు, చెక్క చెంచాలు, కోన్లు వచ్చాయి. మొదటిసారి కోను చూసినప్పుడు, గిన్నె కూడా తినేస్తే ఇక కడుక్కోవడానికి ఏముందని మా నాన్న నవ్వాడు. ఆ పెట్టెకు చోటు చాలక పరదా తీసేసి, గోడ కొట్టేసి, గదిని దుకాణంలో కలిపేశారు. కప్పులు అట్టపెట్టెలో అటకెక్కాయి. ఒక రంజానుకు నేను పుట్టింటికి వెళ్ళినప్పుడు మా నాన్న ఒక సంగతి చెప్పాడు. కొల్లేటి అక్క వచ్చిందట. బడికెళ్ళే వయసు కూతురు వెంట ఉందట. గది ఉండాల్సిన చోట నిలబడి, "తీసేశారా అండీ?" అని అడిగిందట. పిల్లకు కోను ఇప్పించిందట. తనను కూడా తినమంటే, "నిలబడి నేనెక్కడ తింటానండీ, మీ అమ్మాయీ లేదు" అందట. నా ఊరు అడిగి తెలుసుకుని వెళ్ళిందట.

ఆ ఒక్క మాట పట్టుకుని నేను చాలా ఏళ్ళు ఎదురుచూశాను. కొల్లేటి వైపు నుంచి వచ్చేవాళ్ళు ఎక్కే గణపవరం బస్సు మా వీధి మలుపులోనే ఆగేది. మిషను దగ్గర కూర్చుని దిగేవాళ్ళను చూస్తుండేదాన్ని. పిల్లలు లేని ఇల్లు, పగలంతా మా ఆయన తన కుట్టు దుకాణంలో. మిషను చప్పుడు ఆపితే ఇంట్లో ఇంకో చప్పుడుండేది కాదు. ఆవిడ రాలేదు. ఆయన పోయాక, కలిదిండిలో దూరపు చుట్టాల పెళ్ళికని వెళ్ళి, తిరిగివస్తూ కైకలూరులో దిగి, ఆటో మాట్లాడుకుని ఆ ఊరు వెళ్ళాను. పడవ ఎక్కాల్సిన చోటుదాకా, దాటి అవతలిదాకా కూడా రోడ్డే. రెండు పక్కలా చేపల చెరువులు, నీళ్ళను చిలుకుతున్న ఫ్యాన్లు, ఐసు లారీలు. ఒక్క తామరాకు కనిపించలేదు. ఆ ఇంటి చోట చేపల మేత అమ్మే కొట్టు ఉంది. అందులో కూర్చున్న పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసి, కోడలుగారు పోయి చాలాకాలమైందనీ, పొలం చెరువులకిచ్చేసి వాళ్ళు వెళ్ళిపోయారనీ చెప్పింది.

"కూతురుందండీ. ఏలూర్లోనే ఎక్కడో ఉంటదంటారు. మీరేమవుతారండీ వాళ్ళకి?" అని అడిగింది.

తెలిసినవాళ్ళమని చెప్పి వచ్చేశాను.

ఇప్పుడు ఐస్ క్రీమ్‌కు ఏ లోటూ లేదు. ఫోను నొక్కితే గుమ్మంలోకి వస్తుంది, ఒక్క మనిషికి సరిపడే డబ్బాల్లోనే వస్తుంది. ఆడపిల్లలు పరదాలు లేకుండా నలుగురిలో కూర్చుని తింటున్నారు, అందుకు నాకు సంతోషమే; ఆ పరదా ఎంత బరువో దాని వెనక నిలబడినదాన్ని నాకు తెలుసు. కళ్ళ పరీక్షకని ఏలూరు వెళ్ళినప్పుడల్లా బజార్లో అద్దాల పార్లర్ల ముందునుంచి నడుస్తాను. లోపల ఎప్పుడూ ఎవరో ఒక ఆడమనిషి ఒక్కతే కూర్చుని ఉంటుంది. అక్క కూతురికి ఇప్పుడు ఇంచుమించు ఆ మనిషి వయసే ఉంటుంది. వాళ్ళమ్మ పోలికేమో నాకు తెలియదు, నన్ను చూస్తే తనకు అసలే తెలియదు. ఎదురు కుర్చీ ఖాళీగా ఉంటుంది. లోపలికి వెళ్ళి కూర్చుంటానా అంటే ఆపేవాళ్ళెవరూ లేరు. అయినా అద్దం బయటే కాసేపు నిలబడి, ఆవిడ తలెత్తి చూస్తుందేమోనని చూసి, బస్సు టైమవుతుందని బయలుదేరతాను.